చుట్టుకు ఆరంగుళాలు

రిమ్మును నేలమీద నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే చాలు, అది మంచిదో ఎక్కడైనా సన్నగా పగిలిందో ఆగయ్యకు తెలిసిపోయేది. మంచిదైతే గంటలా మోగి, ఆ మోత చివరిదాకా సాగుతుంది. పగిలినదైతే ఎవరో గొంతు నొక్కినట్టు మధ్యలోనే ఆగిపోతుంది. అఫ్జల్‌గంజ్‌లో పాత సామాన్ల గల్లీ చివర దుకాణం పెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఆ మోతల్లో తేడా ఏమిటని అడిగిన గిరాకీ ఇంతవరకూ ఒక్కడూ లేడు.

భాస్కరరావు అడిగాడు.

"ఏదీ, ఇంకోసారి కొట్టు," అన్నాడు బెంచీమీద ముందుకు వంగి. 

ఆగయ్య కొట్టాడు. భాస్కరరావు కళ్లు మూసుకుని విన్నాడు. "బాగుంది. సంగీతం తెలిసినవాడివే!"

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. భాస్కరరావు ఒక కార్పొరేషన్‌లో ఇంజనీరు. కాకినాడ వైపు మనిషి. మడత నలగని తెల్లచొక్కా. ఆఫీసువాళ్లు ఆయనకిచ్చిన అంబాసిడర్ గల్లీ మొదట్లో నిలబడి ఉంది. దేవరకొండ దారిలో సైటుకు వెళ్తుంటే బండి అడుగు రాళ్లకు తగులుతోందట. ఎత్తు చక్రాలు కావాలి.

ఆగయ్య రెండు రిమ్ములు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఇది మీ బండి సైజే సార్, పదిహేనంగుళాలు. రేకు పల్చన, తేలికుంటది. ఇది జీపుది, పదహారు. లేవట్టి సూడుండ్రి."

బట్టలకు మసి అవుతుందని వెనక్కి జరిగే ఆఫీసర్లనే ఇన్నాళ్లూ చూశాడు ఆగయ్య. భాస్కరరావు మాత్రం చొక్కా చేతులు మడిచి రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూశాడు.

"తేడా ఎంత?"

"టైరుతోని కలిపితె ఒక్కోదానికి నాలుగు కిలోలు."

"ఇంతేనా? డిక్కీలో బియ్యం బస్తా వేసుకుని తిరగడం లేదూ?"

"బస్తా కూసుంటది సార్. చక్రం తిరుగుతది. కూసున్న బరువు వేరు, తిరిగే బరువు వేరు. ఆగినకాడికెల్లి లేసినప్పుడల్లా ఇంజనుకు దమ్ము పోతది. పెట్రోలు తాగుతది."

పక్కన నిలబడ్డ డ్రైవరు అంజన్న ఇక ఉండబట్టలేకపోయాడు. నలభై దాటిన మనిషి. ఖాకీ చొక్కా జేబుకు ఎప్పుడూ ఒక పెన్ను ఉంటుంది. "పాతయే మంచిగున్నయి సార్. ఇవి ఏస్తె స్టీరింగు బరువైతది. మొత్తం తిప్పినమంటే మడ్‌గార్డుకు రాకుతయి గూడ."

"నువ్వు బండి తోలు అంజన్నా. చక్రాల సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు భాస్కరరావు నవ్వుతూనే. "వెళ్లి సిగరెట్లు పట్రా. వంతెన దాటి మదీనా దగ్గరికి వెళ్లు. ఇక్కడివి పాతవి అంటగడతారు."

అంజన్న వెళ్లాడు. భాస్కరరావు ఒక సిగరెట్టు వెలిగించుకుని, "ఇప్పుడు చెప్పు. పెద్ద చక్రం వేస్తే ఇంకా ఏమేం మారతాయి?" అన్నాడు.

ఆగయ్యకు ప్రాణం లేచి వచ్చింది. చాయ్ తెప్పించాడు. టైరుతో ఉన్న రెండు చక్రాలు దొర్లించుకొచ్చి, ఒక్కోదాని మీద సుద్దతో గీత గీశాడు. ఆ గీత మళ్లీ నేలకు ఆనేదాకా ఒక్క చుట్టు దొర్లించి, టేపు పరిచాడు.

"సూడుండ్రి సార్. చిన్నది ఒక్క చుట్టుకు ఆరడుగుల తొమ్మిదంగుళాలు పోయింది. ఇది ఏడడుగుల మూడు. బండిల ఉన్న మీటరు దూరం సూడదు సార్, చుట్లు లెక్కవెడ్తది. చక్రం మార్చిన సంగతి దానికేం తెలుసు పాపం! చుట్టుకు ఆరంగుళాలు దానికి తెల్వకుంటనే పోతయి."

"అంటే వంద కిలోమీటర్లు తిరిగితే తొంభై మూడే చూపిస్తుంది," అన్నాడు భాస్కరరావు వెంటనే.

"అబ్బ! కాయితం లేకుంటనే లెక్కగట్టిండ్రు!"

"బరువుకు తాగే పెట్రోలు అదనం. అంతేనా?"

"అంతే సార్! గంతే!" ఆగయ్య రెండో చాయ్ తెప్పించాడు. అంజన్న సిగరెట్లు తీసుకుని తిరిగి వచ్చేసరికి ఇద్దరూ చిన్ననాటి స్నేహితుల్లా మాట్లాడుకుంటున్నారు.

"జీపువే వెయ్యి ఆగయ్యా," అన్నాడు భాస్కరరావు లేస్తూ. "పాతవి నీ దగ్గరే ఉంచు."

రెండు రోజులు పట్టింది ఆ పని. జీపు రిమ్ముల్లో నట్లు పట్టే నడిమి పళ్లేలు కోసి తీసేసి, పాత సామాన్లలో ఏరిన అంబాసిడర్ పళ్లేలు వాటిలో పెట్టి వెల్డింగ్ చేశాడు. ఒక్కోదాన్ని ఇరుసుకు తగిలించి తిప్పుతూ అంచుకు సుద్దముక్క ఆనించాడు. సుద్ద ఒకవైపే అంటితే చక్రం వంకర ఉన్నట్టు. అక్కడ సుత్తితో తట్టి మళ్లీ తిప్పాడు. చివరికి సుద్దగీత చుట్టూతా తెగకుండా వచ్చింది. స్టెప్నీతో కలిపి అయిదు చక్రాలు. అంత శ్రద్ధగా ఆగయ్య ఎవరికీ చేసి ఎరగడు.

*

నెల తిరిగాక ఒక మంగళవారం అంజన్న నడుచుకుంటూ వచ్చాడు. ఒంటిమీద ఖాకీ లేదు. జేబులో పెన్ను మాత్రం ఉంది.

"బండేది?" అన్నాడు ఆగయ్య.

"గుంజుకున్నరు. సస్పెండు జేసిండ్రన్నా. పెట్రోలు దొంగతనమంట."

ఆగయ్య గ్యాసు కట్టర్ ఆర్పి కళ్లద్దాలు పైకి జరిపాడు. "నువ్వా?"

"నేనే. తిరిగిన దూరానికి, పోసిన పెట్రోలుకు పొత్తు కుదురుతలేదంట. నెలల పదిహేను లీటర్లు ఎటు పోయినయంటున్నరు. ట్యాంకు మూత సూసిన, పైపులు సూసిన. యాడ గూడ కారుతలేదు." అంజన్న బెంచీమీద కూర్చోలేదు. మనిషి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. "ఎల్లుండి అవతల శుక్రారం ఎంక్వయిరీ. ఒప్పుకొని రాజీనామా ఇస్తె సరి, లేకపోతే పోలీస్టేషన్ అంటున్నడు సారు. మా హుస్సేనీ ఆలంల అందరికి తెలిసిపోయింది. నిన్న మా గల్లీ ఆటో పెంటయ్య వచ్చి, 'నాకు గూడ తక్కువకు రెండు లీటర్లు ఇప్పియ్యరాదె బావా' అన్నడు. లీలమ్మ వింటనే ఉంది. అప్పటికెల్లి నాతోని మాట్లాడుతలేదు."

"సారుకు నీమీద కోపమేమన్న ఉన్నదా?"

"ఏముంటదన్నా? లాగుబుక్కు కాడ జర లొల్లయితది. ఆదివారమొస్తె బండి మలక్‌పేటకు తియ్యమంటడు, గుర్రాల పందేలకు. పుస్తకంల సైటు అని రాయమంటడు. నేను మలక్‌పేట అనే రాస్త. పోయిన తావు రాయకుంటె ఇగ పుస్తకమెందుకు?"

"గుర్రాల పందేలని గూడ రాసినవా ఏంది?"

"రాసిన."

ఆగయ్య పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలో అతనికి విషయం తట్టింది. పదిహేను లీటర్లు!

"అరే పిచ్చోడా! నీ దొంగ దొరికిండు!" అని అరిచాడు. సుద్ద తీసుకుని, గల్లీలోనే చక్రాలు దొర్లించి, టేపు పరిచి, భాస్కరరావుకు చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. అంజన్న మోకాళ్లమీద కూర్చుని ఆ ఆరంగుళాల ఖాళీ మీద జాన పెట్టి చూశాడు. 

"అంటె నేను తిరిగిన దూరమే పుస్తకంల తక్కువ పడ్డది?"

"గంతే! పైన బరువుకు జర ఎక్కువ తాగింది. ఫికర్ జెయ్యకు. సారుకు ఇదంత నేను చెప్పిన ముచ్చటే. పెద్ద పనులల్ల మర్చిపోయి ఉంటడు. రేపు నేనే పోయి యాదిజేస్త."

అంజన్న వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, టేపు ఇంకా నేలమీద పరిచే ఉందా అని చూసుకున్నాడు.

*

బుధవారం సాయంత్రం ఆగయ్య ఉతికిన చొక్కా వేసుకుని భాస్కరరావు ఇంటికి వెళ్లాడు. ఇల్లు రోడ్డుకు కాస్త లోపలికి ఉంది. భాస్కరరావు వరండాలో కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆగయ్య కూర్చోలేదు. చెప్పవలసింది చెప్పాడు.

భాస్కరరావు శ్రద్ధగా విన్నాడు. చివర్లో నుదురు మీద అరచేత్తో కొట్టుకున్నాడు.

"ఎంత పని జరిగింది! నువ్వు చెప్పావు సుమా ఆ రోజు. నా బుర్రకే తట్టలేదు. మంచివేళకు వచ్చావయ్యా, లేకపోతే ఒక మనిషి ఉసురు తగిలేది నాకు."

ఆగయ్యకు కళ్లు తడిసినంత పనయింది. "పెద్దమనసు సార్ మీది."

"ఒక పని చెయ్యి. రేపు పొద్దున్న బండి పంపిస్తాను. పాత చక్రాలు బిగించి, జీపువి డిక్కీలోనూ వెనక సీటు మీదా పెట్టించు. శుక్రవారం పై ఆఫీసరుగారు వస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి, ఇదిగో తేడా అని కళ్లారా చూపిద్దాం. నువ్వూ రా. నీ సుద్ద, టేపు తెచ్చుకో."

గురువారం పొద్దున్న కొత్త డ్రైవరు బాబురావు బండి తెచ్చాడు. ఆగయ్య జాకీ పెట్టి, నట్లు విప్పి, జీపు చక్రాలు ఒక్కొక్కటే దించాడు. ముందు మడ్‌గార్డులు లోపలివైపు రాకిన గుర్తు కనిపించింది. అంజన్న అన్న మాట నిజమే. గుడ్డతో తుడవబోయి, గురువారం గిరాకీ ఎక్కువని వదిలేశాడు. పాత చక్రాలు బిగించి, నట్లు మళ్లీ ఒకసారి బిగువు చూశాడు. జీపు రిమ్ముల మసి మాత్రం తుడిచి, వెనక సీటు మీద గోనెపట్టా పరిచి పెట్టాడు. పెద్దల ముందు చూపించే వస్తువులాయె.

"ఇయి జాగ్రత్త," అన్నాడు బాబురావుతో. "ఒక మనిషి బతుకు ఉన్నది వీటిమీద."

బాబురావు అర్థంకానట్టు చూసి బండి తీశాడు.

*

ఎంక్వయిరీ శుక్రవారం ఆఫీసు వెనక, బండ్లు పెట్టే రేకుల షెడ్డు ముందు జరిగింది. పై నుంచి వచ్చిన ఆఫీసరు పేరు అచ్యుతరామయ్య. తల పూర్తిగా నెరిసింది. కుర్చీలో కూర్చుని మోకాళ్లమీద ఫైలు పెట్టుకున్నాడు. పక్కన భాస్కరరావు. ఎదురుగా అంజన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆగయ్యను చూడగానే అతని ముఖం విచ్చుకుంది.

ఆగయ్య బండిలోకి తొంగి చూశాడు. వెనక సీటు ఖాళీ. గోనెపట్టా కూడా లేదు. డిక్కీలో ఉన్నాయేమోలే అనుకున్నాడు.

"నిన్న సాయంత్రం, ఈ పొద్దున్న ఇదే బండిని కొత్త డ్రైవరుతో తిప్పించి చూశాం సార్," అంటున్నాడు భాస్కరరావు. "పెట్రోలు చుక్క తేడా లేదు. లీటరుకు రావలసినంతా వచ్చింది."

"మరి ఇతను చక్రాలు మార్చారంటున్నాడే?"

"చూడండి సార్. బండితో వచ్చిన చక్రాలే. పదిహేనంగుళాలు."

ఆగయ్య ముందుకు వచ్చాడు. "సార్, జీపు చక్రాలు డిక్కీల..."

బాబురావు డిక్కీ తెరిచాడు. లోపల జాకీ, ఒక పాత చక్రం, నీళ్ల డబ్బా ఉన్నాయి.

ఆగయ్య భాస్కరరావు వైపు చూశాడు. ఆయన కూడా ఆగయ్యనే చూస్తున్నాడు. ఆ రోజు రిమ్ము మోత విన్నప్పుడు ఎంత శ్రద్ధగా ఉన్నాయో ఇప్పుడూ ఆ కళ్లు అంతే శ్రద్ధగా ఉన్నాయి.

"ఏ జీపు చక్రాలు?" అన్నాడు భాస్కరరావు.



"సార్, నేను పుస్తకంల రాసిన సార్!" అంజన్న గొంతు లేచింది. "అఫ్జల్‌గంజ్, ఆగయ్య దుకాణం, చక్రాలు మార్పిచ్చినం అని తేదీ ఏసి రాసిన!"

"ఆ పుస్తకం ఆడిట్‌కు పంపాం సార్. ఎప్పుడొస్తుందో తెలీదు," అన్నాడు భాస్కరరావు. తర్వాత అచ్యుతరామయ్య వైపు వంగి, అందరికీ వినపడేలానే అన్నాడు. "ఈ దుకాణదారు ఎందుకంత ఆదుర్దా పడుతున్నాడో నాకిప్పుడు అర్థమవుతోంది. గ్యాసు మంటలు, పెట్రోలు కడుగుళ్లు, అంతా అక్కడే. పదిహేను లీటర్లు దిగిన చోటు ఎక్కడో వెతకనక్కర్లేదేమో."

అంజన్న ఆగయ్యను చూశాడు.  ఆగయ్య చేతిలో టేపు చెమటకు తడిసిపోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది, తను తుడవకుండా వదిలేసింది.

"పెద్దసార్," అన్నాడు. "ఒక్కపాలి స్టీరింగు మొత్తం తిప్పనియ్యుండ్రి. తర్వాత మీ చెయ్యి ఒక్కపాలి ఇక్కడ పెట్టుండ్రి."

బాబురావు బండిలో కూర్చుని స్టీరింగు చివరిదాకా తిప్పాడు. ఆగయ్య ముందు చక్రం దగ్గర నేలమీద కూర్చుని, మడ్‌గార్డు లోపలి చోటు చూపించాడు. అచ్యుతరామయ్య కాసేపు తటపటాయించి, లేచి వచ్చి, వంగి, చెయ్యి లోపలికి పెట్టాడు. బయటికి తీసేసరికి నాలుగు వేళ్లకూ నల్లగా రబ్బరు అంటింది.

"లోపల రంగు లేచిపోయి రేకు మెరుస్తున్నది, సూడుండ్రి సార్. టైరు రాకి రాకి అట్లయింది. ఇప్పుడున్న ఈ చక్రం అక్కడిదాంక అందుతదా?" ఆగయ్య టైరుకూ ఆ గుర్తుకూ మధ్య అరచెయ్యి దూర్చి చూపించాడు. చెయ్యి సులువుగా పట్టింది. "అందదు. అందేటి చక్రాలు నిన్నటిదాంక ఉండె. నేనే బిగించిన. నేనే ఇప్పిన."

 భాస్కరరావు సిగరెట్టు తీసి వెలిగించబోయి, పై ఆఫీసరు ముందని గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

అచ్యుతరామయ్య మళ్లీ వంగి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. నడుము నిలబెట్టి భాస్కరరావు ముఖంలోకి కూడా అలాగే చూశాడు. భాస్కరరావు కళ్లు దించాడు.  పెద్దాయనకు అర్థమైపోయింది!

అచ్యుతరామయ్య జేబులోంచి రుమాలు తీసి వేళ్లు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. నలుపు లోపలికి పోయేలా రుమాలు మడిచాడు.

"భాస్కరరావుగారూ, పోలీసుల దాకా వద్దు," అన్నాడు మెల్లగా. "రాజీనామా తీసుకుని పంపించెయ్యండి. ఆ మడ్‌గార్డు కూడా రంగు వేయించండి."

కుర్చీలో కూర్చుని ఫైలు మూశాడు. అంతటితో ఎంక్వయిరీ అయిపోయింది.

"సార్," అన్నాడు అంజన్న. "నేను తియ్యలే సార్."

"తెలుసు నాయనా," అన్నాడు అచ్యుతరామయ్య, అతని వైపు చూడకుండా. "సంతకం చెయ్యి. పోలీస్‌స్టేషన్‌కు వెళ్తే నీతోపాటు ఈ దుకాణదారూ రావాలి. ఎందుకొచ్చింది?"

అంజన్న ఒకసారి ఆగయ్య వైపు చూశాడు. జేబులోంచి తన పెన్నే తీసి సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. పోయిన తావు రాసినట్టే, పేరు కింద ఊరు కూడా పూర్తిగా రాశాడు.

*

ఇద్దరూ నడుచుకుంటూ మూసీ వంతెన దాకా వచ్చారు. నదిలో నీళ్లు సన్నగా, నల్లగా ఒక పక్కకు పారుతున్నాయి. చాకలివాళ్లు ఆరేసిన బట్టలు తీసుకుంటున్నారు. వంతెన మధ్యలో అంజన్న ఆగి గోడకు ఆనుకున్నాడు.

"నిజంగనే మర్చిపోయిండనుకున్నవా అన్నా?"

"అనుకున్న."

"మీటరు సంగతి నువ్వు ఎప్పుడు చెప్పినవ్ సారుకు? నేను ఇనలేదు."

 ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది ఆగయ్యకు. "నువ్వు సిగరెట్లకు పోయినప్పుడు. ఆయన అడుగుతుంటె చెప్పుకుంట పోయిన. ఇరవై ఆరేండ్లల్ల ఒక్కడు గూడ గట్ల అడగలేదు అంజన్నా. రెండుసార్లు చాయ్ తాగిపిచ్చిన."

అంజన్న నీళ్లవైపు తిరిగాడు.

"ఆ రోజు నాకు సమజ్ కాలేదు," అన్నాడు. "పొద్దుగాల బండి ఎక్కంగనే సిగరెట్లు తెమ్మన్నడు. తెచ్చిచ్చిన. డబ్బా నిండ ఉండె. మళ్ల నీ దుకాణం కాడ తెమ్మన్నడు. గింతల్నే అన్ని తాగిండా అనుకున్న."

సుత్తి దెబ్బకు పగిలిన రిమ్ము మోత ఆగిపోయినట్టు ఆగయ్యలో ఏదో ఆగిపోయింది. ఆ రోజు అంజన్న వెళ్లీ వెళ్లకముందే భాస్కరరావు వెలిగించుకున్న సిగరెట్టు గుర్తొచ్చింది. ఆ పొగ వెనకనుంచి వచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్కోదానికీ తను ఎంత మురిసిపోయి జవాబు చెప్పాడో కూడా గుర్తొచ్చింది.

"నాదే తప్పు," అన్నాడు.

"నువ్వేం జేసినవ్? నీ పని నువ్వు చెప్పినవ్." అంజన్న గోడ వదిలి నడక మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "లీలమ్మకు ఏం చెప్పాలె అన్నా? చక్రం పెద్దదైతె మనిషి దొంగ అయితడని చెప్తె నమ్ముతదా?"

"నేనొచ్చి చెప్త. టేపు తెస్త."

"వద్దు," అన్నాడు అంజన్న. "ఆ టేపు జోలికి పోకు."

హుస్సేనీ ఆలం వైపు తిరిగే మలుపులో అతను చెయ్యి ఎత్తలేదు. వెనక్కి కూడా చూడలేదు.

*

శనివారం పొద్దున్న దుకాణం తెరిచి గంట కాకముందే ఫియట్ ఒకటి వచ్చి ఆగింది. దిగినాయన పేరు గోపాలకృష్ణమూర్తి. ఈమధ్యే గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన లెక్చరరు. కారంటే ముచ్చట ఉన్న మనిషని ముఖం చూస్తేనే తెలుస్తోంది. దుకాణమంతా కలయతిరిగి రెండు రిమ్ములు ఎంచుకున్నాడు. ఒకటి తన బండి సైజుది, ఇంకోటి అంతకంటే వెడల్పుది, బరువుది. రెండూ ఎత్తి చూశాడు.

"ఇది చాలా బరువుందే! దీనికీ దానికీ తేడా ఏమిటండీ? పెద్దది వేస్తే ఏమవుతుంది?"

ఆగయ్య సుత్తి అందుకున్నాడు. అలవాటుకొద్దీ రిమ్మును నిలబెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. మంచి రిమ్ము. మోత గల్లీ చివరిదాకా సాగింది.

"అబ్బ, ఎంత బాగా మోగింది!" అన్నాడు లెక్చరరు. "దాన్నిబట్టి మీకేదైనా తెలుస్తుందా? చెప్పండి, నాకు ఇలాంటివి వినాలని చాలా ఇష్టం."

ఆగయ్య ఆయన ముఖంలోకి చూశాడు. చాలా మంచి ముఖం. ఆయన చొక్కా జేబువైపు కూడా చూశాడు. సిగరెట్ల డబ్బా లేదు, ఖాళీగా ఉంది. అయినా సుద్దముక్క వైపు అతని చెయ్యి వెళ్లలేదు. మోగుతున్న రిమ్ము మీద అరచెయ్యి వేసి మోత ఆపేశాడు.

"ఏమైతది సార్," అన్నాడు. "తిరుగుతది."